గాలి బోటు మీద టేపు బంక: థిన్నర్ జోలికి పోకుండా తీసే పద్ధతి

ముందు ఆ థిన్నర్ డబ్బాకి మూత బిగించి బోటుకి దూరంగా పెట్టేయండి. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చెన్నై వేళచ్చేరిలో మీ వీధి మునిగాక, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆన్‌లైన్‌లో నలుగురు పట్టే గాలి బోటు కొంది. పల్చటి సరుకు, పిల్లల స్విమ్మింగ్ పూల్ లాంటిది. దాని మీద అసోసియేషన్ పేరుతో స్టిక్కర్లు వేశారు. ఒక పక్క గీత పడితే వెండిరంగు డక్ట్ టేపు వేశారు. మడతపెట్టి మేడ మీద గదిలో పెట్టారు. రెండు ఎండాకాలాలు పోయాక విప్పితే టేపు దానంతటదే ఊడింది, బంక మాత్రం ఉండిపోయింది. మడతలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. వాచ్‌మన్ పెయింట్ థిన్నర్‌తో రుద్దితే బంక సగమే పోయింది. రుద్దిన చోట మెత్తబడి మెరుపు పోయింది. వానలు మొదలయ్యేలోపు బాగవ్వాలి, ఎలా అని.

బాగవుతుంది. థిన్నర్ పడినచోటు మాత్రం మునుపటిలా కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

మాది సూళ్లూరుపేట. చెన్నై రాయపురంలో ఓడల లైఫ్ రాఫ్టులు, అంటే ఓడ మునిగితే ఎక్కే గాలి తెప్పలు, సర్వీసు చేసే వర్క్‌షాపులో పదహారేళ్లు పనిచేశాను. ఓడ మీదుండే రాఫ్టుని మామూలుగా ఏడాదికోసారి విప్పి, గాలి నింపి, పరీక్షించి మళ్లీ మడవాలని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం నియమం. అంచేత ఏడాది పొడుగునా మా కళ్లముందు ఉండేది రబ్బరు గుడ్డ, కొత్త జిగురు, పాత జిగురు. ఇప్పుడు సొంతంగా చెన్నై తీరం వెంబడి కోవళం నుంచి పులికాట్ దాకా ఎవరి బోటు కారుతుంటే వాళ్ల దగ్గరికి వెళ్లి అతుకులేస్తుంటాను.

బోటు ఏ సరుకుతో చేసిందో తేలనిదే ఏ సీసా మూతా తియ్యకూడదు. రబ్బరు బోటు అని నోటి అలవాటుగా అంటాం గానీ, ఇప్పుడు దొరికేవాటిలో రబ్బరువి తక్కువ. ఇంటెక్స్ లాంటి కంపెనీల పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే చవక రకం ఒట్టి వినైల్, అంటే పీవీసీ పొర. మందం ముప్పావు మిల్లీమీటరు అటూఇటూ. లోపల దారం ఉండదు, పొరే బోటు. రెండో రకంలో మధ్య పాలిస్టర్ నేత ఉండి రెండువైపులా పీవీసీ పూత ఉంటుంది. వేలితో నొక్కి వంచితే నేత గళ్లు తెలుస్తాయి. మూడోది హైపలాన్. డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరు అది. ఆ కంపెనీ 2010లో తయారీ మానేసినా అలాంటి రబ్బరుని ఇతరులు చేస్తూనే ఉన్నారు, వనస్పతినంతా డాల్డా అన్నట్టు పేరు మాత్రం నిలిచిపోయింది. అది మెరవదు, చూడగానే మందంగా రబ్బరులా ఉంటుంది, లోపలివైపు తరచుగా వేరే రంగులో ఉంటుంది.

ఇది ఎందుకు తెలియాలంటే, హైపలాన్ తట్టుకునేది పీవీసీ తట్టుకోదు. హైపలాన్‌కి అతుకు వేసేముందు మేము టొల్యూన్ అనే ఘాటు ద్రావకంతోనే తుడుస్తాం, దానికేమీ కాదు. అదే టొల్యూన్ పీవీసీ మీద పడితే పొర ఉబ్బుతుంది. అనుమానం ఉన్నప్పుడు కనబడని మూల ఎంఇకె అనే ద్రావకం ఒక చుక్క తడిపి చూస్తాం. వేలికి అంటుకునేలా జిగటగా అయితే పీవీసీ, కాకపోతే హైపలాన్. మీరు ఆ పరీక్ష చెయ్యక్కర్లేదు, మీ వాచ్‌మన్ చేసిపెట్టాడు. థిన్నర్ తగలగానే మెత్తబడిందంటే పీవీసీయే. మీరు చెప్పిన పల్చదనాన్ని బట్టి మొదటి రకం, నేత లేనిది.

ఇక బంక ఎందుకు అయిందో చూడండి. పీవీసీ పుట్టుకతో గట్టి సరుకు, మన ఇంటి నీళ్ల పైపు కూడా అదే. దాన్ని మడతపెట్టగలిగేంత మెత్తగా చెయ్యడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటిది కలుపుతారు. అది లోపలే కుదురుగా కూర్చోదు. వేడికి కొంచెం కొంచెంగా పైకి వచ్చి, పైన అంటి ఉన్న టేపు జిగురులోకి దిగుతుంది. జిగురు పల్చబడి పాకంలా సాగుతుంది. కత్తిరి ఎండల నుంచి రోహిణీ కార్తె దాకా మేడ మీద గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. అక్కడ రెండేళ్లు పెట్టారు. కాబట్టి టేపు నాసిరకమని తిట్టుకోకండి, మంచి టేపైనా పీవీసీ మీద, ఆ వేడిలో ఇలాగే అయ్యేది.

థిన్నర్‌లో సాధారణంగా టొల్యూన్, దానికి తోడు కీటోన్లో ఎస్టర్లో అనే ఇతర ద్రావకాలు ఉంటాయి. అవి జిగురునీ కరిగిస్తాయి, బోటునీ ఉబ్బిస్తాయి. పైగా పొరలోని ప్లాస్టిసైజర్‌ని గుడ్డకి లాగేస్తాయి. తుడిచినప్పుడు మెత్తగా ఉన్న ఆ చోటు ఆరాక మునుపటికంటే గట్టిపడుతుంది. మడత సరిగ్గా అక్కడే పడితే కొన్నాళ్లకి చిట్లుతుంది. గోళ్లరంగు తీసే ద్రవం కూడా ఇంతే, అందులో అసిటోనో ఇథైల్ అసిటేటో ఉంటుంది. పెట్రోలు సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను, కానీ పెట్రోలు వాడినవాళ్లని చూశాను కాబట్టి చెబుతున్నాను, వద్దు.

సరే, పని. ముందు అతుక్కున్న మడతలు. రెండు చేతులతో పట్టుకుని చీరలా లాగొద్దు, పల్చటి వినైల్ సాగి అక్కడే బలహీనపడుతుంది. పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య నీరెండలో అరగంట పరచండి, కొంచెం వెచ్చబడితే చాలు. ఒక చెంచా విమ్ లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లు మడత సందులోకి పోస్తూ అరచేతితో మెల్లగా విడదీయండి. విడిన చోట వెంటనే టాల్కం పౌడర్ జల్లండి, మళ్లీ అతుక్కోదు. ఇంట్లో ఏ పౌడర్ ఉంటే అది.

మడతలు విడిపోయాక నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, గాలి నింపండి. పూర్తిగా కాదు, నొక్కితే బొటనవేలు కొంచెం దిగేంత. గాలి లేని బోటు మీద రుద్దితే పొర ముడతలు పడుతుంది. బిగుతుగా నింపితే ఎండకి ఇంకా బిగుసుకుని, మెత్తబడిన చోట ఉబ్బుతుంది.

ఇప్పుడు ఒక మార్కర్ తీసుకుని, టేపు కింద ఉన్న గీత ఎక్కడుందో దాని చుట్టూ ఓ నాలుగంగుళాల మేర హద్దు గియ్యండి. ఈ హద్దు లోపల నూనె ఏదీ తగలకూడదు. రేపు అక్కడ అతుకు వెయ్యాల్సి వస్తే నూనె పట్టిన పీవీసీ మీద ఏ జిగురూ పట్టదు. టేపు బంక తీసేస్తే అయిపోతుందనుకుని కొబ్బరినూనె అంతటా రాసి, తర్వాత అతుకు ఊడిందని నాకు ఫోన్ చేసేవాళ్లు చాలామంది. కార్లకి మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రే అయితే ఇంకా ఘోరం, అది పట్టిన చోట అతుకు ఆశ వదులుకోవాల్సిందే.

హద్దు బయట ఉన్న బంక మీద మొదట పౌడర్ దట్టంగా జల్లి, బొటనవేలితో ఒకే దిక్కుగా రుద్దండి. బంక పౌడర్‌ని పీల్చుకుని చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని వస్తుంది. చపాతీ పిండి చేతికి అంటితే పొడిపిండి వేసి ఎలా రాలుస్తామో అలాగే. నా లెక్కలో సగం బంక ఇక్కడే పోవాలి. వేలు నొప్పెడితే పాత ఏటీఎం కార్డు అంచు వాడండి, ఐస్‌క్రీమ్ పుల్లైనా సరే. బ్లేడు, పెయింటర్ల గీకుడు రేకు, గిన్నెలు తోమే స్టీలు పీచు, ఇవి మాత్రం బోటు దగ్గరికే రానివ్వొద్దు. నేత ఉన్న బోటుకి గీత పడితే పూత పోతుంది, మీ రకానికి పడితే బోటే పోతుంది.

బంక మరీ పాకంలా ఉండి పౌడరుకి లొంగకపోతే, ప్లాస్టిక్ కవర్లో ఐసు ముక్కలు వేసి పది నిమిషాలు దాని మీద పెట్టండి. చల్లబడితే జిగురు గట్టిపడి పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు ఆ చోట బోటుని మడవకండి, చల్లటి పీవీసీ కూడా పెళుసుగా ఉంటుంది. దీనికి ఉల్టాగా, స్టిక్కరు కాగితం ఇంకా మిగిలి ఉంటే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, ఒకేచోట ఆపకుండా ఊపుతూ వెచ్చబెట్టండి. బోటు మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలగాలి, అంతకుమించి వేడి వద్దు. కార్పెంటర్ల హీట్ గన్ అసలు వద్దు. స్టిక్కరు మూల లేపాక నిట్టనిలువుగా లాగకుండా వెనక్కి మడిచి, బోటుకి ఆనించినట్టు నెమ్మదిగా లాగాలి. తొందరపడితే కాగితం వచ్చి జిగురు మిగులుతుంది.

ఇంకా మిగిలింది ద్రావకంతో తియ్యాలి. ఇక్కడ జిగురుని బట్టి మందు మారుతుంది. స్టిక్కర్ల జిగురు ఎక్కువగా అక్రిలిక్, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనిచేస్తుంది. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ అడిగినా సరిపోతుంది. కోవిడ్ నాటి ఐదు లీటర్ల శానిటైజర్ క్యాన్ మీ అసోసియేషన్ గదిలో ఇప్పటికీ ఉండే ఉంటుంది, ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకటి ఉంది. నీళ్లలా పల్చగా ఉండే రకమైతే వాడుకోవచ్చు. జెల్ అయితే వద్దు, అందులోని చిక్కదనం మళ్లీ జిగటగా మిగులుతుంది.

డక్ట్ టేపుది రబ్బరు జిగురు. దానికి స్పిరిట్ అంతగా పనిచెయ్యదు, నూనె జాతివి కావాలి. మొదట కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి చూడండి. లొంగకపోతే నీలగిరి తైలం. ఊటీ వెళ్లొచ్చినవాళ్ల ఇంట్లో ఓ సీసా ఉంటుంది కదా, అదే. ఇది కొబ్బరినూనె కంటే ఘాటు, నిమిషానికి మించి ఉంచొద్దు. దానికీ లొంగకపోతే పెయింట్ షాపులో టర్పెంటైన్ అని ఇచ్చే మినరల్ టర్పెంటైన్. గుడ్డకి కొంచెం అద్ది, పది పదిహేను సెకన్లు తుడిచి, వెంటనే సబ్బునీళ్ల గుడ్డతో కడిగేయాలి. అవసరమైతే ఆరాక ఇంకోసారి. ఒకేసారి నానబెట్టి తియ్యాలని చూడొద్దు. కిరోసిన్ కూడా జిగురు తీస్తుంది గానీ జిడ్డు పొర వదిలిపెడుతుంది, ఆ వాసన బోటులో కూర్చున్నంతసేపూ వస్తుంది. నేను వాడను.

గీత చుట్టూ గీసిన హద్దు లోపల మాత్రం పౌడరు, వేలు, చివరికి స్పిరిట్, అంతే. ఓపిక కావాలి. నాకైతే ఆ నాలుగంగుళాల మేరకే గంట పడుతుంది.

ఏ ద్రావకమైనా ముందు బోటు అడుగున గోరంత చోట రాసి, అయిదు నిమిషాలు ఆగి చూడండి. తెల్లటి నూలుగుడ్డే వాడండి, పాత పంచె ముక్క శ్రేష్ఠం. రంగుగుడ్డ వాడితే దాని రంగు బోటుకి అంటుతుంది, బోటు రంగు దిగుతోందో లేదో కనబడదు. గుడ్డకి బోటు రంగు వస్తోందంటే ఆ మందు ఆపేయాలి.

ద్రావకాన్ని ఎప్పుడూ గుడ్డకే అద్దాలి, బోటు మీద పొయ్యకూడదు. దీన్ని నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. వర్క్‌షాపులో చేరిన రెండో ఏడు, ఒక రాఫ్టు మీద పాత సర్వీసు లేబుల్ తియ్యమన్నారు. టొల్యూన్ తెలుసు, గుడ్డ తెలుసు, కానీ భోజనం టైము దగ్గరపడింది. సీసా వంచి లేబుల్ మీద పోసేశాను. లేబుల్ అద్భుతంగా వచ్చింది. మిగిలిన టొల్యూన్ కిందికి కారి, ట్యూబుకీ అడుగు గుడ్డకీ మధ్య అతుకు సందులో చేరిందని నేను చూళ్లేదు. సాయంత్రం ప్రెషర్ టెస్టుకి గాలి ఎక్కిస్తే ఆ అతుకు జానెడు మేర నోరు తెరిచింది. మా మేస్త్రీ ఒక్క మాట కూడా అనలేదు. అతుకు మొత్తం విప్పి మళ్లీ వేసేదాకా రెండు రోజులు నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ రెండు రోజుల జీతం కూడా రాలేదు. ఓడ మునిగేటప్పుడు విప్పే రాఫ్టు అది.

మీ రకం బోట్లలో అతుకులు జిగురుతో కాకుండా ఎక్కువగా వేడితో వెల్డింగ్ చేసి ఉంటాయి, కాబట్టి అంత సులువుగా విడిపోవు. అయినా వెల్డింగ్ అంచు పొర మిగతాచోట్ల కంటే పల్చగా ఉంటుంది. కాబట్టి అతుకుకి అంగుళం దూరంలో ద్రావకం ఆపేయండి, ఆ అంగుళంలో బంక మిగిలితే పౌడర్ రాసి వదిలేయండి. గాలి వాల్వు దగ్గరా అంతే. ఈ మాట చాలామందికి నచ్చదు, శుభ్రంగా మొత్తం పోవాలంటారు. వరదలో నాలుగు ప్రాణాల్ని మోయాల్సిన బోటు అది, పౌడర్ రాసిన బంక దాన్ని ఏమీ చెయ్యదు. జిగట పోయాక కూడా స్టిక్కరు ఉన్నంత మేర రంగు తేడా కనబడుతుంది. ఎండ తగలక ఆ చోట కొత్త రంగు నిలిచిపోయిందంతే, అది మరక కాదు. దాన్ని రుద్దుతూ కూర్చోకండి.

టేపు, స్టిక్కరు కాక వేరే జిగుర్లు కూడా ఉంటే, క్లుప్తంగా. ఫెవిక్విక్ లాంటిది ఎండి గాజులా గట్టిపడి ఉంటే దాని జోలికి వెళ్లకండి. దాన్ని కరిగించే అసిటోన్ మీ బోటునీ తింటుంది. బోటు కొద్దిగా వంచితే పెచ్చులు లేస్తే లేచాయి, లేకపోతే లేదు. ఎం-సీల్ ముద్ద కూడా అంతే, బలవంతంగా పీకితే కింద పొర కూడా ఊడొస్తుంది. చెప్పుల షాపువాళ్లు వాడే పసుపు రంగు రబ్బరు జిగురు పల్చగా ఉంటే వేలితో ఉండచుట్టొచ్చు. రెండు డబ్బాలు కలిపి వేసే పాలియురెథేన్ జిగురు గట్టిపడ్డాక మామూలు ద్రావకాలకి లొంగదు, అది అతుకు వేసేవాళ్ల పని.

మంట సంగతి. స్పిరిట్, థిన్నర్, టర్పెంటైన్, వీటి ఆవిరి గాలికంటే బరువు, నేల మీదే పాకుతుంది. టొల్యూన్ ఆవిరి నిప్పు అందుకోవడానికి 4 డిగ్రీల వేడి చాలు, అసిటోన్‌కి సున్నా కంటే 20 డిగ్రీలు కింద ఉన్నా చాలు. చెన్నైలో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలు ఉంటుంది కదా. మినరల్ టర్పెంటైన్‌కి 40 దరిదాపు కావాలి, అంచేతే నేను థిన్నర్ బదులు దాన్ని చెబుతాను. మేడ మీద గదిలో నీళ్ల మోటారు స్టార్టర్ ఉంటుంది, అది ఆన్ అయినప్పుడు నిప్పురవ్వ వస్తుంది. అందుకని గదిలో కాదు, బయట మేడ మీద నీడలో చెయ్యండి. అగరొత్తి, సిగరెట్ ఉండకూడదు. హెయిర్ డ్రయ్యర్‌తో చేసే పనీ, ద్రావకంతో చేసే పనీ ఒకే రోజు పెట్టుకోవద్దు. గుడ్డ మాస్కు, ఎన్-95 ఆవిరిని ఆపవు, గాలి ఆడేచోట ఉండటమే మాస్కు. నీలిరంగు నైట్రైల్ గ్లవ్స్ స్పిరిట్‌కీ టర్పెంటైన్‌కీ పనికొస్తాయి గానీ థిన్నర్ వాటిలోంచి నిమిషాల్లో లోపలికి దిగుతుంది.

తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యకండి. బయట తీగ మీద విప్పి ఆరేసి, పూర్తిగా ఆరాక పారేయండి. మిగిలిన ద్రావకాన్ని వాననీటి కాలవలో పొయ్యొద్దు. మీ కాలవ వెళ్లేది పళ్లికరణై చిత్తడి నేలకే. 2022లో రాంసార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి వచ్చిన చోటు అది, కొంగలు దిగే చోటు.

ఇక వాచ్‌మన్ రుద్దిన చోటు. ఇప్పుడు దాని మీద ఇంకేం రాయొద్దు. గాలి సగం నింపి, నీడలో, గాలి తగిలేలా మూడు నాలుగు రోజులు వదిలేయండి. లోపలికి ఇంకిన థిన్నర్ ఆవిరయ్యాక పొర మళ్లీ బిగుస్తుంది. ఆ తర్వాత వేలు ఆనిస్తే జిగటగా లేకుండా, పక్కనున్న చోటుతో సమానంగా సాగుతుంటే పని జరిగినట్టే, మెరుపు తగ్గినా ఫర్వాలేదు. గట్టిగా, కాగితంలా శబ్దం చేస్తూ ఉంటే, లేదా వంచినప్పుడు సన్నటి తెల్ల గీతలు కనిపిస్తే, అక్కడ ప్లాస్టిసైజర్ పోయింది. తిరిగి పొయ్యలేం. ఆ చోట మడత పడకుండా చూసుకోవడం, దాని మీద పెద్ద వినైల్ అతుకు వెయ్యడం, ఇవే దారులు.

తర్వాత రాత్రి పరీక్ష. సాయంత్రం చల్లబడ్డాక బోటుకి పూర్తిగా గాలి నింపి, సబ్బునీళ్లు స్పాంజితో అంతటా రాయండి. బంక తీసిన ప్రతి చోటా, అతుకుల వెంబడీ, వాల్వు చుట్టూ. బుడగలు వచ్చిన చోట మార్కర్‌తో సున్నా చుట్టండి. అలాగే రాత్రంతా వదిలేసి పొద్దున చూడండి. పొద్దునకి కొంచెం మెత్తబడితే కంగారుపడొద్దు. గాలి చల్లబడితే ప్రెషర్ దిగుతుంది. 35 డిగ్రీల్లో 3 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపిన నేత బోటు తెల్లవారి 27 డిగ్రీలకి ఒక్క బుడగా లేకుండానే రెండున్నర దగ్గరికి వస్తుంది. మీ వినైల్ బోటులో నింపే ప్రెషర్ ఇంకా తక్కువ, పైగా పొర సాగుతుంది, కాబట్టి మెత్తదనం ఇంకా ఎక్కువ కనబడుతుంది. మధ్యాహ్నం ఎండలో మళ్లీ బిగుసుకుంటే కారడం లేదన్నమాట. దీన్నే తిరగేసి గుర్తుపెట్టుకోండి: తెల్లారి బిగుతుగా నింపి ఎండలో వదిలేయకండి. అదే నేత బోటు 25 డిగ్రీల్లో 3 ఉంటే, ట్యూబు 45కి వేడెక్కేసరికి 4 దాటుతుంది. వినైల్ అతుకులు ఆ బిగువుని తట్టుకోలేవు.

గీతకి అతుకు మీరే వెయ్యాలనుకుంటే, వాన పడే రోజు వెయ్యొద్దు. జిగురు పూసిన పొర మీద తేమ చేరితే పట్టు తగ్గుతుంది. మన ఊళ్లో తేమ లేని రోజంటూ దొరకదు కాబట్టి ఏసీ గదిలో చెయ్యండి, ఒక గంట ముందే ఏసీ వేసి ఉంచండి. అతుకు మూలలు గుండ్రంగా కత్తిరించుకోవాలి, చతురస్రం అయితే మూల దగ్గరే లేస్తుంది. బోటుతో పాటు వచ్చిన అతుకు ముక్కలు కవర్లో ఉన్నాయో లేదో చూడండి, చాలామంది డబ్బాతో పాటే పారేస్తారు.

అసోసియేషన్ పేరు మళ్లీ స్టిక్కరుగా వెయ్యకండి. లామినేట్ చేసిన చీటీని బోటు పక్క తాడుకి కట్టండి. డక్ట్ టేపు వరదలో, నీళ్లలో ఉండగా గీత పడితే వాడుకోవచ్చు, ఇంటికి రాగానే అదే రోజు పీకేయాలి. దాచేటప్పుడు లోపలా బయటా పూర్తిగా ఆరనిచ్చి, పౌడర్ జల్లి, గట్టిగా కాకుండా వదులుగా చుట్టండి. మేడ మీద గది కాదు, బేస్‌మెంట్ అంతకన్నా కాదు, మొదటి అంతస్తు మెట్ల కింద చోటుంటే అక్కడ. ఎలుకలు రాని చోటు చూసుకోండి. సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి గాలి నింపి చూడమని మీ సెక్రటరీ గారికి చెప్పండి. వరద భయానికి కార్లు ఫ్లైఓవర్ ఎక్కించే రోజు వచ్చాక బోటు విప్పి ప్రయోజనం లేదు.

రాత్రి పరీక్ష అయ్యాక మూడు సంగతులు రాయండి: బుడగలు ఎక్కడెక్కడ వచ్చాయి, టేపు కింద ఉన్న గీత పొడుగెంత, అది పొరలోకి దిగిందా లేక పైగీతేనా. థిన్నర్ పడిన చోటుకీ దానికీ మధ్య ఎంత దూరం ఉందో కూడా చూడండి. రెండూ పక్కపక్కనే ఉంటే ఒకే అతుకు సరిపోతుందో లేదో అప్పుడు చెబుతాను.